మన వంటింటి చరిత్ర: శాకాహారానికి మన సొంత కారణాలు

ప్రతి యేటా పురటాసి నెల రాగానే నాటాలు తెలుగు ఇళ్ళలో కుండలూ బాణళ్ళూ తోమి బోర్లిస్తాం. మాంసం వండిన పాత్రలు పక్కకు పోతాయి. శనివారం నాడు దీపం పెట్టి గోవింద నామం చెప్పుకుంటాం. నెల తిరిగేసరికి ఆ పాత్రలు మళ్ళీ పొయ్యి ఎక్కుతాయి. ఒక నెల చేసిన పని ఏడాది పొడుగునా ఎందుకు చేయకూడదని పిల్లలు అడిగితే పెద్దలం సాధారణంగా రెండు జవాబులు చెబుతాం. మన పూర్వికులు శుద్ధ శాకాహారులు, మధ్యలో మాంసం వచ్చి చేరింది అన్నది మొదటిది. అది మొక్కు, దానికి ప్రశ్నలేమిటి అన్నది రెండవది.

ఈ రెండు జవాబులూ చాలవని మా అభిప్రాయం. మొదటిది చరిత్ర ముందు నిలువదు. రెండవది చదువుకున్న పిల్లల ముందు నిలువదు. అయినా శాకాహారానికి మారడానికి బలమైన కారణాలు ఉన్నాయి. వాటిని ఎక్కడినుంచో అరువు తెచ్చుకోనక్కరలేదు. ఈ దేశంలో మనవాళ్ళు ఏమి తిన్నారు, అది వారికి ఎవరు ఇచ్చారు, వారు స్వయంగా ఏమి పండించుకున్నారు అని చూస్తే చాలు.

మొదట పూర్వికుల సంగతి చూద్దాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. నాటి నుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నాటాలుకు వచ్చినవారు మొత్తం 1,52,184 మంది. వారిలో ఎక్కువ భాగం మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. మన తెలుగువారు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలనుండి వచ్చారు. వీరు రైతుకూలీలు, చిన్న రైతులు, చేతిపనులవారు, సముద్రతీరపు పల్లెలవారు. దొరికిన నాడు చేప, పండుగ నాడు కోడి, జాతర నాడు మేక తిన్న కుటుంబాలే వీరిలో ఎక్కువ. గంగమ్మకు, మారెమ్మకు కోడిని మొక్కుకునే ఆచారం కూడా వారితోనే ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చింది. ఇందులో మనం దాచుకోవలసింది గాని, సిగ్గుపడవలసింది గాని ఏమీ లేదు. లేని పూర్వికులను కల్పించుకుని వారి పేరిట పిల్లలకు నీతి చెబితే, నిజం తెలిసిన నాడు పిల్లలు ఆ నీతిని కూడా వదిలేస్తారు.

ఇక చెరకు తోటలో వారికి దొరికిన తిండి ఎంత? కూలీలను చేర్చుకునేటప్పుడు మద్రాసులో చెప్పిన షరతులలో రేషను వివరంగా ఉంది. వయసు వచ్చిన మగవానికి రోజుకు ఒకటిన్నర పౌను బియ్యం. నెలకు రెండు పౌన్ల పప్పు, రెండు పౌన్ల ఉప్పుచేప, ఒక పౌను నెయ్యి లేక నూనె, ఒక పౌను ఉప్పు. కొన్ని రోజులు బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి ఇవ్వవచ్చు. జీతం మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగులు, ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ ఏట 14 షిల్లింగులు.

మేము బడిపంతుళ్ళం గనుక ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాం. నెలకు బియ్యం 45 పౌన్లు, పప్పు 2 పౌన్లు. అంటే పప్పు రోజుకు సుమారు 30 గ్రాములు, చేప కూడా అంతే. తెల్లవారకముందే లేచి పొద్దు వాలేదాకా చెరకు నరికిన మనిషికి ఇది గుప్పెడు పప్పు కూడా కాదు. ఆ పట్టీని మరొక్కసారి చూడండి. అందులో అన్నం ఉంది, చేప ఉంది, నూనె ఉంది. ఆకుకూర లేదు, కాయగూర లేదు, పండు లేదు. కూర అనేది షరతులలో లేనే లేదు. చేప యజమాని కొలిచి ఇచ్చినది. కూర మనవాళ్ళు తమ చేతులతో సంపాదించుకున్నది. మనం ఈ వ్యాసంలో చెప్పదలచిన మాట అంతా ఈ తేడాలోనే ఉంది.

ఆ కూర వారికి ఎలా దొరికింది? గట్ల మీద, చెరకు సాళ్ళ మధ్య, వానలు పడగానే తోటకూర తనంత తానే మొలిచేది. ఈ దేశపు జూలూ స్త్రీలు ఇమిఫీనో అని కోసుకునే ఆకుకూరలలో ఇదీ ఒకటి. వారు అమడుంబే అనేది మన చేమదుంపే. దానినే మనం నేటికీ మడుంబీ అంటాం. కూలిలైన్ల వెనుక జానెడు నేల దొరికితే మిరప, వంగ, చిక్కుడు వేశారు. పెరటిలో మునగ, కరివేప నాటారు. అరటికాయ, పనసకాయ కూరలయ్యాయి. మొక్కజొన్నను విసిరి అన్నంలా వండుకున్నారు. డర్బన్‌లో మనం నేటికీ ఆకుకూరలన్నింటినీ కలిపి హెర్బ్స్ అంటున్నాం. ఆ ఒక్క మాట కింద తోటకూర, మునగాకు, చేమాకు ఎన్నో పేర్లు మరుగున పడ్డాయి. సభవారి సాయంకాలపు తరగతులలో అక్షరాలు దిద్దుకున్న మావంటివారు ఈ పేర్లను పుస్తకంలో చూచి, ఇది మన అవ్వ వండిన కూరే గదా అని తెలుసుకోవలసి వచ్చింది.

ఒప్పందపు అయిదేళ్ళు గడిచాక మనవాళ్ళలో చాలామంది తిరిగి చెరకు తోటకు పోలేదు. ఎకరమో రెండెకరాలో కౌలుకు పట్టి కాయగూరలు వేశారు. ఉమ్‌గేని నది ఒడ్డున స్ప్రింగ్‌ఫీల్డ్‌లోను, రివర్‌సైడ్‌లోను, కేటో మేనర్ కొండవాలుల్లోను ఈ తోటలు పచ్చబడ్డాయి. భారతీయ వలసదారుల స్థితిగతులను విచారించిన రాగ్ కమిషన్, 1885–87 నాటికే, డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ పట్టణాలకు కాయగూరలు, పండ్లు అందిస్తున్నవారు భారతీయులేనని నమోదు చేసింది. తల మీద బుట్ట పెట్టుకుని తెల్లవారుజామున బయలుదేరి ఇల్లిల్లూ తిరిగి అమ్మిన స్త్రీల శ్రమ ఆ వాక్యం వెనుక ఉంది. 1895 చట్టం ఒప్పందం ముగిసినా తిరిగి కూలికి చేరక, స్వదేశానికి పోక, ఇక్కడే నిలిచినవారిపై ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసింది. నెలకు పది పద్నాలుగు షిల్లింగులు ఎరిగిన కుటుంబానికి అది ఎంత భారమో చెప్పనక్కరలేదు. ఆ పన్నును చెల్లించడానికి ఎన్నో ఇళ్ళకు ఆధారమైనవి వంకాయలూ చిక్కుళ్ళూ పచ్చిమిరపకాయలే. 1913 సమ్మెకు ఆ పన్ను ఒక ముఖ్య కారణమని మనందరికీ తెలుసు. 1934 నుండి వార్విక్ అవెన్యూలో నడిచిన తెల్లవారుజాము మార్కెట్టు ఈ తోటమాలుల శ్రమకు గుర్తు. కనుక మన చరిత్రలో కూరగాయ అంటే పేదతనపు గుర్తు కాదు. ఒప్పందం నుండి బయటపడి సొంత కాళ్ళ మీద నిలిచినదానికి గుర్తు.

రెండవ కారణం పంక్తి. ఓడలోను, కూలిలైన్లలోను కులాలు కలిశాయి, భాషలు కలిశాయి. తెలుగువాడి పక్కన తమిళుడు, అతని పక్కన హిందీవాడు. ఒకరు ఆవు మాంసం ముట్టరు, ఒకరు పంది మాంసం ముట్టరు, ఒకరు ఏ మాంసమూ ముట్టరు. ఇటువంటి చోట అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టగలిగిన భోజనం పప్పు, కూర, అన్నమే. మన పెళ్ళిళ్ళలో నేటికీ వడ్డించేది కూరగాయల బ్రెయానీ, పప్పే. గుడిలో పెట్టేదీ అదే. రొట్టెను తొలిచి బీన్స్ కూర నింపిన బనీని డర్బన్‌లో ఏ మతంవాడైనా నిశ్చింతగా తింటాడు. ఉత్తర ఆర్కాటు వైపునుండి వచ్చినవారు పెరటాసి శనివారాల ఆచారాన్ని వెంట తెచ్చారు. ఇక్కడ అది పురటాసిగా నిలిచి, తెలుగు, తమిళ ఇళ్ళన్నీ కలిసి పాటించే నెల అయింది. మన ఊరి దేవతకు కోడిని కోసిన చేతులే వేంకటేశ్వరుని నెలలో ఆకుకూర వండాయి. ఈ రెండూ మనవే. రెండవదానిని పెంచుకుంటామా అన్నది నేటి ప్రశ్న.

మొక్కుకూ ఆలోచనకూ ఉన్న తేడాను ఈ దేశంలోనే మనకు చూపించినవారు గాంధీగారు. 1888లో లండనుకు పోయేటప్పుడు మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చారు. ఆ మాట కోసమే అక్కడ ఆకలిని ఓర్చుకున్నారు గాని, భారతీయులందరూ మాంసం తిని బలపడితే మంచిదనే ఆ రోజుల్లో ఆయన నమ్మకం. తరువాత హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని గూర్చి రాసిన చిన్న పుస్తకం చదివి, అప్పటి నుండి తన ఇష్టపూర్వకంగా శాకాహారి అయ్యానని ఆత్మకథలో రాసుకున్నారు. మొక్కు ఆయనను నిలబెట్టింది, ఆలోచన ఆయనను మార్చింది.

1910లో కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల నేల మీద, జోహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ళ దూరాన టాల్‌స్టాయ్ ఫారం ఏర్పడింది. సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ చేరాయి. వారిలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారితో పాటు ఆంధ్రులూ ఉన్నారని గాంధీగారే రాశారు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు కలిసి ఉన్నారు. మాంసం అలవాటున్నవారిని మానమని ఎలా అడగడం? వంట రెండు చోట్ల చేస్తే ఖర్చెంత? ఆయన ఈ చిక్కును దాచకుండా వారి ముందు పెట్టారు. వారు ఆలోచించి ఒకే వంటిల్లు, ఒకే శాకాహారపు వంట అని ఒప్పుకున్నారు. ఉదయం రొట్టె, గోధుమ కాఫీ, పదకొండు గంటలకు అన్నం, పప్పు, కూర, సాయంత్రం గోధుమ జావ, పాలు. పిండి చేతి తిరగలితో వారే విసురుకునేవారు. ఇందులో గమనించదగినది ఆ వంటకాల జాబితా కాదు. ఎవరూ ఎవరినీ శాసించలేదు, ఎవరి కంచాన్నీ ఎవరూ హీనంగా చూడలేదు. పోరాటంలో ఉన్నవారు ఖర్చు తగ్గించుకోవడానికి, కలిసి తినడానికి, తమంత తాము ఒప్పుకున్నారు.

మరి మన ఇళ్ళలో కూర వెనక్కు పోయి మాంసం ముందుకు ఎప్పుడు వచ్చింది? డబ్బు పెరగడం ఒక కారణం. కాని మరొక కారణాన్ని మరువరాదు. 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం మనవాళ్ళను నది ఒడ్డు తోటలనుండి, కేటో మేనర్ నుండి లేవదీసింది. 1960లలో చాట్స్‌వర్త్‌కు, 1970ల చివరినుండి ఫీనిక్స్‌కు కుటుంబాలను తరలించారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ముందు కాస్త, వెనుక కాస్త జాగా. తోట పోయింది. తోటతో పాటు పొద్దున కోసి మధ్యాహ్నం వండే అలవాటు పోయింది. ఆ ఖాళీని దుకాణం నింపింది. డబ్బా చేప, పోలనీ, గడ్డకట్టిన కోడి, తెల్ల రొట్టె, చక్కెర నీళ్ళు వచ్చాయి. కనుక మాంసం ఎక్కువ తినడం మన పురాతన ఆచారమనీ, కూరగాయ తినడం కొత్త పోకడ అనీ అనుకోవడం తలకిందుల చరిత్ర. పండుగనాటి వంటను రోజువారీ వంటగా మార్చినది ఇటీవలి కాలమే.

దాని ఫలితం మన ఒంటి మీదనే కనబడుతున్నది. ఈ దేశపు భారతీయుల్లో చక్కెర వ్యాధి లేని కుటుంబాన్ని వెదకవలసిన స్థితి వచ్చింది. డర్బన్ వైద్యుడు జి. డి. కాంప్‌బెల్, క్లీవ్ అనే మరొక వైద్యునితో కలిసి 1966లో ఒక పుస్తకం ప్రకటించారు. శుద్ధి చేసిన చక్కెర, తెల్ల పిండి తిండిలో పెరగడానికీ, మధుమేహానికీ, గుండె జబ్బులకూ సంబంధం ఉందని వారి వాదన. నాటాలు భారతీయులను గమనించడం ఆ వాదనకు ఒక ఆధారమైంది. ఎవరి కోసమో చెరకు నరకడానికి వచ్చినవారి మనుమలకు ఆ చక్కెరే జబ్బయిందంటే, ఇంతకన్న చేదు సంగతి మరొకటి ఉండదు.

అందుచేత ఒక హెచ్చరిక. మాంసం మానినంత మాత్రాన ఆరోగ్యం రాదు. తెల్లన్నం, ఆలుగడ్డ, పూరీ, జిలేబీ, తీపి టీ ఇవన్నీ శాకాహారమే. పురటాసి నెలలో బరువు పెరిగేవారు మనలో తక్కువమంది కారు. మనం తిరిగి వెళ్ళవలసినది పప్పు, చిక్కుడు గింజలు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యం, పెరుగు ఉన్న భోజనానికి. ఒప్పందపు షరతులు 30 గ్రాములు కొలిచి ఇచ్చిన పప్పును ఈ రోజు మనం కడుపునిండా వండుకోవచ్చు. పాలు, పెరుగు, గుడ్లు కూడా మానేవారు మాత్రం బి12 విటమిన్ కొరకు వైద్యుని అడిగి మాత్రలు వేసుకోవాలి. ఆ విటమిన్ కాయగూరల్లో దొరకదు. చక్కెర వ్యాధికి మందులు వాడుతున్నవారు తిండి మార్చే ముందు వైద్యునితో మాట్లాడాలి.

మాంసం విషయంలో కూడా నేటి విజ్ఞానం మౌనంగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో నిలవచేసిన మాంసాన్ని, అంటే పోలనీ, వియెనా, బేకన్ వంటివాటిని, కాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎర్ర మాంసాన్ని బహుశా కలిగించేవాటిలో పెట్టింది. 2017–18లో ఈ దేశంలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి వలన 200 మందికి పైగా మరణించారు. పోలనీ దానికి మూలమని తేలింది. చవకగా దొరికేదని పిల్లల బడి రొట్టెలో పెట్టి పంపిన తిండి అది. బీన్స్ కూర దానికన్న ఖరీదైనదేమీ కాదు.

ఇక దయ సంగతి. మన తాతలు పెరటిలో పెంచిన కోడిని ఎరుగుదురు. అది గింజలేరుకుని తిరిగేది, పిల్లలను పొదిగేది. దానిని ఏడాదిలో ఏ కొద్దిసార్లో కోసేవారు, కోసే ముందు దేవత పేరు తలచేవారు. నేటి కోడి కొన్ని వారాలు మాత్రమే బతికి, రెక్క చాచే చోటు లేక, మనం చూడని చోట చచ్చి, మనకు సంచిలో వస్తుంది. ప్రాణం తీయడంలో ఉండిన బరువు మనకు తెలియకుండా పోయింది. మనిషిని తూకమూ లెక్కా వేసి పనిముట్టులా వాడుకున్న పద్ధతిని మన పూర్వికులు భరించారు. ఒక్కొక్కరికి ఒక నంబరు వేశారు. ఆ సంతతివారం ప్రాణిని నంబరుగా చూసే పద్ధతిని గూర్చి ఒకసారి ఆగి ఆలోచించడం న్యాయం.

చివరగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. శాకాహారాన్ని శుద్ధికీ పుట్టుకకూ ముడివేయవద్దు. చర్మం రంగును బట్టి మనుషులను విడదీసి ఊళ్ళు వేరుచేసిన పాలనను మనం చూశాం. కంచాన్ని బట్టి మనుషులను విడదీసే పాపం మనకు వద్దు. చేప తిన్న పూర్వికుడు తక్కువవాడు కాడు, చేప తినే పొరుగువాడూ తక్కువవాడు కాడు. మాంసం మానినవాడు ఎక్కువవాడు కావడానికి కాదు, ఆరోగ్యంగా ఉండడానికి, జీవహింస తగ్గించడానికి, అందరితో కలిసి తినడానికి మానాలి.

ఒక్కసారి మానలేనివారు వారానికి ఒక శనివారంతో మొదలుపెట్టవచ్చు. పురటాసిలో చేతనైనది తక్కిన నెలల్లో చేతకాకపోదు. మన సభల కార్యక్రమాలలో ఆకుకూర వంటలు నేర్పే తరగతులు పెట్టవచ్చు. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు ఈ వారమే వారి పక్కన కూర్చుని, హెర్బ్స్ అన్న మాట కింద దాగిన ఆకుల పేర్లను ఒక్కొక్కటిగా అడిగి రాసుకోండి. తోటకూర గింజలు గుప్పెడు చల్లడానికి చాట్స్‌వర్త్ ఇంటి వెనుక ఉన్న జాగా చాలు. మునగ కొమ్మ ఒకటి పాతితే రెండేళ్ళలో వీధికంతా ఆకు పెడుతుంది.